వెర్నా పెల్కీ బూట్లు

వెర్నా పెల్కీ ముప్పై ఏళ్లు మా ఊరి స్కూలు బస్సు నడిపింది. అమెరికాలో మైన్ రాష్ట్రపు ఉత్తరపు కొస మాది. ఎంత మంచు పడ్డా ఆవిడ బస్సు ఒక్కరోజు ఆగలేదు. ఆ బస్సులో చీవాట్లు తింటూ పెరిగినవాణ్నే నేనూ. ఇప్పుడు అంబులెన్సులో పారామెడిక్‌ని.

ఆవిడకి షుగరు, కాలికి మానని పుండు. ఆసుపత్రి అరవై మైళ్లు. అందుకే మంగళవారం మంగళవారం నేనే ఇంటికెళ్లి కట్టు కడతాను. ఇన్సూరెన్సు వాళ్లు భరిస్తారు, కానీ ఒక షరతు. మనిషి ఇల్లు కదల్లేని స్థితిలో ఉండాలి.

ఆగస్టులో వాళ్లు ఫోన్ చేసి "ఎలా ఉన్నారమ్మా?" అన్నారు. మా ఊళ్లో కాలు ఊడి చేతిలోకి వచ్చినా "భేషుగ్గా ఉన్నా" అనే అంటారు. మహాతల్లి అక్కడితో ఆగిందా? శనివారం శనివారం చర్చిలో ఊరంతా కలిసి తినే బీన్స్ విందుకి కుండ తనే మోసుకెళ్తానని గొప్పలు కూడా పోయింది. అంతే, కవరేజీ ఆపేశారు. నన్ను వెళ్లొద్దన్నారు. ఆరు వారాల్లో పుండు ముదిరి బొటనవేలు తీసేయాల్సొచ్చింది.

అరిచి, బతిమాలి, కాగితాల మీద కాగితాలు పంపి కవరేజీ మళ్లీ తెప్పించాను. ఇప్పుడు ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగి జవాబు రాయాలి.

"ఈ వారం గడప దాటావా వెర్నమ్మా?"

"నువ్వేమన్నా జైలర్‌వట్రా? దాటలేదు, రాసుకో."

పొయ్యి పక్కన ఆవిడ బూట్లు. వాటి చుట్టూ కరిగిన మంచు మడుగు కట్టింది. లేదు అనే రాశాను. విందుకి వెళ్తూనే ఉందని కడుపు నిండినట్టయింది నాకు.

అలా నవంబరు, డిసెంబరు గడిచాయి. జనవరిలో ఒకరోజు నా చూపు బూట్ల మీదుండగా పట్టేసింది.

"చూస్తూనే ఉన్నావట్రా ఇన్నాళ్లూ?"

నేను చూపు తిప్పుకుని పాత కట్టు విప్పసాగాను.

"తెలిస్తే నీ ఉద్యోగం పోతుందా?"

పోదులే అనొచ్చుగా? ఇంట్లో ఇద్దరు పిల్లలు. తల వంచుకుని కట్టు కట్టాను.

పై మంగళవారం బూట్లు పొడిగా ఉన్నాయి. ఆ పై మంగళవారమూ అంతే. బీన్స్ కుండ కడిగి అటక మీద పెట్టేసింది. శనివారం సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని చర్చికెళ్లే కార్లు లెక్కపెడుతుందట.

"గడప దాటావా వెర్నమ్మా?"

"లేదురా."

నిజమే రాశాను. ఛీ, అబద్ధం రాసిన రోజులే నయం.