ఆయిల్ ముల్లు, బాపు కునుకు

ఇరవై దాటిన కొత్తలో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే ఇంకాస్త ఎక్కువే తెలుసు. హనుమకొండ బజారులో మా బాపుకు నల్లాలు, పైపులు అమ్మే దుకాణం ఉండేది. ఏ పైపు కారినా మా దగ్గర మందు ఒక్కటే, తెల్ల టేపు. పైపు మరకు నాలుగు చుట్లు చుట్టి బిగిస్తే చుక్క కారితే ఒట్టు. (మా ఇంట్లో దేవుడి తర్వాత దండం ఆ టేపుకే.) లోకంలో మర ఉన్న ప్రతి వస్తువూ నల్లాయేనని నేను మనసారా నమ్మాను. ఆ నమ్మకంతోనే మా బావ బండి మీద చెయ్యి వేశాను.

మా అక్క మొగుడు మా ఊళ్లోనే సుబేదారి ఏరియాలో ఆఫీసు ఉద్యోగి. ఉద్యోగంలో చేరాక పిచ్చి పట్టిందో, పిచ్చి చూసే ఉద్యోగం ఇచ్చారో తెలియదు గానీ, ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన ముసలి డీజిల్ వ్యాన్‌ను కొనుక్కొచ్చాడు. సీట్లు పీకేసి మంచం వేశాడు, గ్యాస్ స్టవ్వు బిగించాడు, అక్క పాత చీరలు చింపి కిటికీలకు తెరలు కట్టాడు, దానికి క్యాంపర్ వ్యాన్ అని పేరు పెట్టాడు. వాళ్ల గల్లీలో చోటు లేక తెచ్చి మా దుకాణం ముందు నిలిపాడు. వచ్చిన గిరాకీకి దుకాణం కనబడడం మానేసింది. బాపు కొన్నాళ్లు పళ్లు నూరి, చివరికి తీర్పు చెప్పాడు. "పైన పటారం, లోన లొటారం. ఆదివారం నన్ను మరిపెడల మా చెల్లె ఇంటికి తీస్కపోయి తీస్కరా అల్లుడా. నడుమల ఆగిందంటే సోమవారం పొద్దుగాల పాత ఇనుపసామానోనికి ఇచ్చుడే." కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ రోజు బావ అన్నం ముట్టలేదని అక్క చెప్పింది.

పాత ఇంజనుకు ఆయిల్ ప్రెషరే ప్రాణం. అది పడిపోతే ఎర్ర లైటు వెలుగుతుంది గానీ, "గా లైటు పానం పోయినంక చెప్తది బామ్మర్దీ, మనకు ముల్లు గావాలె" అని బావ ఒక మీటరు, దానికి సెండర్ అనే ఇత్తడి బుడ్డి తెచ్చాడు. ఆ బుడ్డిని ఇంజనుకు బిగిస్తే లోపలి ప్రెషర్ చూసి వైరు ద్వారా ముల్లుకు చెబుతుందట. బావ డాష్‌బోర్డు దగ్గర మీటరు పెట్టాడు, నేను కిందికి దూరి బుడ్డి బిగించాను. మర కనబడగానే నా చెయ్యి ఆగుతుందా? పెళ్లికొడుక్కి తలపాగా చుట్టినట్టు టేపు చుట్టాను. స్టార్ట్ చేస్తే ముల్లు టక్కున లేచింది. బావ నన్ను కౌగిలించుకున్నాడు. నేను ఇంజనీరింగ్ చదవకపోవడం దేశానికి ఎంత నష్టమో అక్కకు వివరంగా చెప్పాను.

ఆదివారం బాపు వెనక మంచం మీద కూర్చున్నాడు, అనుమానితుణ్ని తీసుకుపోతున్న పోలీసులాగా. ఊరు దాటి, గతుకులు మొదలయ్యాక ముల్లు ఒకసారి వణికింది, రెండోసారి సున్నా మీద పడింది, ఇక లేవలేదు. బావ మొహంలో నెత్తురు లేదు. ఆపితే బండి ఇనుపసామానుకు పోతుంది, ఆపకపోతే ఇంజనే పోతుంది. నేను మీటరు మీద తువ్వాల కప్పాను. (రోగం తగ్గకపోయినా రోగి మొహం చూడక్కర్లేదు.)

"గదేందిరా, గక్కడ తువ్వాల?"

"ఎండ కొడ్తాంది బాపూ."

"మీటరుకా?"

బావ ఇక తట్టుకోలేక ఒక వేపచెట్టు నీడలో బండి ఆపాడు. "మామా, జర చాయ్ తాగుదాం. మన బండిలనే పెట్టుకోవచ్చు, ఫికర్ లేదు." ఆగింది కాదు, ఆపాం అన్నమాట. బాపు నమ్మినట్టు కనబడలేదు గానీ, స్టవ్వు మీద పెట్టిన చాయ్ మాత్రం ఊది ఊది తాగాడు. మేము ఆయిల్ చూస్తే నిండుగా ఉంది. కిందికి దూరి చూస్తే బుడ్డి పక్కన నా టేపు తోకలాగా వేలాడుతోంది.

బావ నా వైపు అదోలా చూశాడు. "టేపు సుట్టినవా?"

"మంచిగ సుట్టిన. చుక్క కారది."

"అరె, గా బుడ్డి ఇంజన్ ఇనుముకు తగిలితేనే కరెంటు తిరుగుతది. నువ్వు దానికి దుప్పటి కప్పినవ్. మొదలు యాడనో జరంత తగిలినట్టుంది, గతుకులకు గదీ పోయింది. టేపంత తీసి బిగియ్యి."

పానా పెట్టి తిప్పబోతుంటే పైనుంచి గురక వినబడింది. తొంగి చూస్తే బాపు మంచం మీద వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. బావ నోటి మీద వేలు పెట్టాడు. ఆ తర్వాత నేను పానా తిప్పిన తీరు దొంగలు కూడా మెచ్చుకునేవాళ్లు. బుడ్డి ఊడగానే వేడి ఆయిల్ వచ్చి సరిగ్గా నా చెంప మీద పడింది. అరవడానికి లేదు. కాళ్లు మాత్రం తన్నుకున్నాను. టేపంతా గోళ్లతో గీకి, ఉత్త మరతో బిగించి బయటికి వచ్చాను. కుదిరిందో లేదో తెలియాలంటే ఇంజన్ స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేస్తే బాపు లేస్తాడు. ఇద్దరం చెట్టుకింద కూర్చుని, బండి బతుకుతుందో లేదో తెలియక, ఈగలు తోలుకున్నాం.

ఎండ దిగాక బాపు లేచాడు. కళ్లు నులుముకుని, అక్క చీర తెరను పక్కకు జరిపి, బయట పొలాలను చాలాసేపు చూశాడు. మేము చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"గింత నిద్ర వట్టి ఎన్నేండ్లాయెనో. దుకాణంల కండ్లు మూస్తే గిరాకీ, ఇంట్ల మూస్తే మీ అమ్మ." తర్వాత బావ వైపు తిరిగాడు. "ఈ బండిని అమ్మేది లేదు అల్లుడా. వచ్చే ఆదివారం గూడ తీస్కరా. ఎటన్న పోదాం, ఏడికి పోకున్నా సరే."

అప్పుడు బావ తాళం తిప్పాడు. ముల్లు లేచి నిలబడింది. దాన్ని బాపు చూడనేలేదు. మరిపెడ చేరేదాకా ఆయన తన చిన్నప్పటి మాటలేవో చెబుతూనే ఉన్నాడు. నేను వినలేదు. నా కళ్లన్నీ ముల్లు మీదే.

ఆ తర్వాత కొన్నేళ్లపాటు, ఇంజన్ ప్రాణం నేనెలా కాపాడానో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఇప్పుడు బాపు లేడు. బండీ లేదు. దుకాణంలో ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను, మధ్యాహ్నం కునుకు తీద్దామంటే ఎవడో ఒకడు నల్లా కారుతోందని వస్తాడు. ఆ కుర్చీలో ఎంత అలసట ఉంటుందో ఇన్నాళ్లకు తెలిసింది. చెంప మీద ఆయిల్ తుడుచుకుంటూ గర్వంగా నిలబడ్డ ఆ పిల్లగాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, వెనక కూర్చున్న మనిషి తొలిసారి తీరిగ్గా మాట్లాడుతుంటే, వాడు ముందుకు తిరిగి మీటరు చూస్తున్నాడు.