రెండు గవ్వలపేటలు

ఊళ్లన్నీ ఫోన్లలోని మ్యాపుల్లోకి ఎక్కుతున్న రోజులవి. శ్రీకాకుళం నుంచి తీరం వైపు వెళ్లే బస్సులో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఊళ్ల పేర్ల జాబితా సరిచేస్తున్నాను. గవ్వలపేట రెండుచోట్ల ఉంది. సముద్రం ఒడ్డునున్న దాంట్లో ఒక్క ఇల్లూ లేదు. ఎవరో పొరపాటున రెండోసారి ఎక్కించారనుకుని కొట్టేశాను.

పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న ముసలామె అడిగింది. "ఏటి బాబూ, సెరిపేత్తన్నావు?"

చెప్పాను.

"అయ్యో! సముద్రం ఊరిని మింగీసినపుడు మిగిలినోలం ఇటొచ్చి ఇళ్లు కట్టుకున్నాం. పేరు మాత్రం రెండు సోట్లా ఉంచినాం. బతికినోలకొకటి, ఆడ ఉండిపోయినోలకొకటి. ఆలకి ఊరు లేకుండా సేసినావంటే మా ఇళ్లకి రారా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని, నేను పేరు తిరిగి రాసి, రెండూ పైకి చదివి వినిపించేదాకా వదల్లేదు.

కొత్త గవ్వలపేట ఇంకా రానేలేదు. ఆమె బస్సు ఆపించింది.

"ఊరు ఉన్నాదని ఆలకి సెప్పీసొత్తాను" అని దిగి, ఇసుకలోంచి సముద్రం వైపు నడిచింది.

జాబితాలో ఒడ్డునున్న గవ్వలపేట పేరు పక్కనే జనాభా గడి ఉంటుంది. అందులో సున్నా వెయ్యడానికి నాకు ఈ రోజుకీ చెయ్యి రాదు.