మూలమట్టం లేని గది

ముప్పై ఏళ్లుగా వడ్రంగి పని చేస్తున్నా, ఆయన పనితనానికి చప్పట్లు కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకు కొడతారు? బీరువా బాగా కుదిరితే అందులో బట్టలు సర్దుకుంటారు, అంతే. అందుకే వీధి చివర ఉన్న చిన్న నాటకశాలవాళ్లు వచ్చి, వేదిక మీద ఒక గది కట్టిపెట్టమని అడిగేసరికి ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు.

మూడు గోడలు, ఎడమ గోడకు ఒక తలుపు. నిద్రాహారాలు మాని ఇరవై రోజులు చేశాడు. ప్రతి మూలకూ మూలమట్టం ఆనించి తిన్నగా ఉందో లేదో చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తీరా దర్శకురాలు వచ్చి హాల్లో ఎడమ చివరి కుర్చీలో కూర్చుంటే, గోడ అంచు తప్ప తలుపే కనబడలేదు! నాటకమంతా ఆ తలుపు కోసమే. అలిగి వెళ్లిపోయిన నాయిక ఆఖర్న తిరిగొచ్చేది అందులోంచే. రేపటికల్లా సరిచేయకపోతే గోడలు తీసేసి నల్లతెర కట్టుకుంటామని ఆవిడ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెబితే మాత్రం మనసు చివుక్కుమనదా?

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. సంగతంతా విన్న భార్య, కూరగాయలు తరుగుతూనే కత్తితో టీవీని చూపించింది. అది వంటింటి వైపుకు ఏటవాలుగా తిరిగి ఉంది. ఆయన రోజూ దాన్ని గోడకు సమంగా పెట్టడం, ఆవిడ మళ్లీ తిప్పుకోవడం, ఆ ఇంట్లో ఏళ్లుగా తెగని తగవు.

"నాకు కనబడకపోతే టీవీనే నావైపు తిప్పుకుంటాను కదా. మీ గోడకేం, తిరగదా?"

"గోడ వంకరగా పెడితే నలుగురూ నవ్వుతారే."

"అసలు కనబడందే నవ్వడానికి మాత్రం ఏముంటుందండీ?"

మర్నాడు పొద్దున్నే ఆయన నాటకశాలకు వెళ్లి, మూలమట్టాన్ని సంచి అడుక్కి తోసేశాడు. పక్క గోడల ముందు అంచులు రెండూ బయటికి జరిపాడు. కుర్చీ కుర్చీకీ వెళ్లి కూర్చున్నాడు, లేచి మళ్లీ జరిపాడు. మధ్యాహ్నానికి గదిలో ఒక్క మూలా తిన్నగా లేదు. తలుపు మాత్రం కుర్చీలన్నిటికీ కనబడింది.

ప్రదర్శన రోజున ఆయన భార్య కావాలనే ఎడమ చివరి కుర్చీలో కూర్చుంది. తెర లేచింది. ఇంకా నటులెవరూ రాలేదు. ఒక దీపం, ఖాళీ గది, ఓరగా తెరిచిన తలుపు. ఆ చివరి కుర్చీలోంచే మొదలయ్యాయి, క్షణంలో హాలంతా చప్పట్లు! మనుషులకు కాదు, గదికి. వేదిక పక్కన చాటుగా నిలబడ్డ ఆయన సంతోషం పట్టలేక భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

ఇంటికి రాగానే ఆయన చూపు టీవీ మీద పడింది. దగ్గరికి వెళ్లి, వంటింటి వైపుకే ఇంకాస్త తిప్పిపెట్టాడు.