తిరుమలరావు చేతి మచ్చలు

తిరుమలరావు జుట్టుకు రంగేశాడు, మీసానికి రంగేశాడు, గళ్ళ చొక్కాలు కూడా కొన్నాడు. చేతుల దగ్గర దొరికిపోయాడు. కరెంటు మీటర్ల రీడింగు కోసం మోపెడ్ మీద ఊళ్ళన్నీ తిరిగి రిటైరైన మనిషి. అరచేతుల వెనక గోధుమరంగు మచ్చలు, కందిగింజలు చల్లినట్టు.

భార్య పోయాక మెస్సు సాంబారు తినీ తినీ ఆయన నాలుక చచ్చిపోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వేళకి వేడన్నం పడుతుందని ఆశ. బయటికి మాత్రం తోడు కోసమని చెప్పేవాడు. పొందూరులో టైలరింగు షాపు నడిపే కుమారికీ భర్త లేడు. మధ్యవర్తి పోతురాజు చేత ఆమెకి తన వయసు యాభై రెండని చెప్పించాడు. అసలు వయసు ఆయన పింఛను కాగితాలకే తెలుసు.

శ్రీకాకుళంలో చర్మం డాక్టరు శైలజ ఆ చేతులు చూసింది.

"ఏళ్ళ తరబడి ఎండ తగిలి వచ్చిన మచ్చలండి, వయసు మీద పడ్డాక పైకి తేలతాయి. భయం లేదు. ఏదైనా మచ్చ పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా వెంటనే రండి. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాసుకోండి. తగ్గడానికి క్రీము రాస్తాను, నెలలు పడుతుంది."

వయసు అన్న మాట దగ్గరే ఆయన చెవులు మూసుకున్నాయి. పెళ్ళిచూపులేమో నెలలోపే ఉన్నాయి. చర్మరోగాలకు అరసవల్లి సూర్యదేవుడుండగా క్రీములెందుకనుకున్నాడు. దేవుడికి సాయంగా, ఫోనులో ఎవరో చెప్పిన నిమ్మరసం రెండు చేతులకూ పట్టించి, ఆదివారం మిట్టమధ్యాహ్నం దాకా గుడి ముందు సూర్యుడికి చేతులు చాపి నిలబడ్డాడు. ఎండ పెట్టిన మచ్చలకు ఎండచేతే వైద్యం చేయించుకున్న ఘనుడు జిల్లాలో ఇంకొకడుండడు.

మర్నాటికి చేతులు మండిపోయి బొబ్బలు లేచాయి. అవి మానేసరికి చర్మం నల్లగా కమిలిపోయింది. నిమ్మరసం రాసుకుని ఎండలో నిలబడితే ఇలాగే కాలుతుందని శైలజ తిట్టకుండానే తిట్టింది.

పెళ్ళిచూపుల్లో కుమారి కాఫీ అందిస్తూ చూడనే చూసింది.

"సేతులకేటయినాదండి?"

"వంట సేస్తంటే నూని సింది పడ్డాదండి. రోజూ నానే వొండుకుంతాను" అన్నాడు తిరుమలరావు తడుముకోకుండా. వయసు తప్ప ఏదైనా చెప్పగలడు.

కుమారి మొహం విప్పారింది.

"మొదటి సంసారమంతా పొయ్యి కాడే అయిపోనాది నాకు. ఇంక ఒకళ్ళకి వొండిపెట్టే ఓపిక లేదు. వొండే మగోడైతేనే సేసుకుంతానని పోతురాజు మావకి ముందే సెప్పినాను. నాకిష్టమేనండి."

ముహూర్తం పెట్టేశారు. బియ్యానికి ఎసరు ఎంత పొయ్యాలో తిరుమలరావుకి ఇంకా తెలియదు.