మొలలకు ఎక్స్‌రే

పరువు పోగొట్టుకోవడానికి పెద్ద పనులేం అక్కర్లేదండీ, రెండక్షరాలు చాలు. నా పరువు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర, నిండు జనం మధ్య పోయింది. ఆ రెండక్షరాలు 'మొల'.

మెడికల్ కోడింగ్ కోర్సు చేసి కొత్తగా చేరాను. రోగి బాధ విని, రాసి, తగిన కోడ్ వేసి లోపలికి పంపడం నా పని. బాతు కరిచినా ఒక కోడ్ ఉందని తెలిసినదాన్ని! కోడ్లు చదివితే ఉన్న తెలుగు పోయిందని మాత్రం అప్పటికింకా తెలియదు.

బోధన్ దిక్కు నుంచి లింబాద్రన్న అనే చెరకు రైతు వచ్చాడు. కుర్చీ చూపిస్తే పాముపుట్టను చూసినట్టు చూశాడు.

"కూసో అన్నా."

"గదే అయితలేదు చెల్లె." గొంతు తగ్గించాడు. "మొలలు. పానం తీస్తున్నయి."

మా బాపు వడ్రంగి. మా ఇంట్లో మొలలంటే డబ్బాలో గలగలలాడే ఇనుప మేకులే.

"అయ్యో! యాడ గుచ్చుకున్నయి?"

"కూసునే కాడ."

"ఎన్ని?"

"నాకేమన్న ఎన్కకు కండ్లున్నయా చెల్లె?"

"తుప్పు పట్టినయా?"

ఆయన నావంక జాలిగా చూశాడు. "నెత్తురైతే వడుతున్నది. దొడ్డికి పోయినప్పుడు."

దొడ్లో మేకులు పరిచిన పాపాత్ముడెవడో!

"ఎల్లుండి మేనకోడలి చెవులు కుట్టుడున్నది," అన్నాడు. "పిల్లను మేనమామ ఒళ్లెనే కూసోవెట్టాలె. నేను కూసోకుంటే ఒడి యాడికెళ్లి తేవాలె?"

నా గుండె కరిగింది. బుర్ర అంతకుముందే కరిగిపోయింది. 'పిరుదుల్లో ఇనుప మేకులు దిగిన గాయం' అని రాసి, కోడ్ వేసి, పక్కనే 'అర్జెంటు' అని తగిలించాను. నా రాత నమ్మి నర్సు ధనుర్వాతం సూది పొడిచింది. అదీ ఎక్కడో కాదు, ఆ చుట్టుపక్కలే. తర్వాత ఎక్స్‌రే తీశారు. మేకు కాదు కదా, గుండుసూది కూడా కనబడలేదు.

కాసేపటికి డాక్టరమ్మ నా కాగితం పట్టుకుని, లింబాద్రన్నను వెంటబెట్టుకుని కౌంటర్ దగ్గరికే వచ్చింది.

"ఏమ్మా, ఈ మొలలు ఏ దుకాణంల కొన్నవు? మొలలంటే పైల్స్! అయినా ఈయనకు అవి గూడ లేవు. ఇది చీలిక, ఫిషర్. కింద ఏ నొప్పి లేసినా మనోళ్లు మొలలే అంటరు. నొప్పి ఎప్పుడొస్తది, ఎంతసేపుంటది, నెత్తురు ఎట్ల పడుతది అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. రోగం పేరు నేను పెడత."

నొప్పికి మూలం వెతకాల్సింది పోయి మొల పట్టుకున్నాను! కౌంటర్ ముందు లైనంతా నవ్వింది. లింబాద్రన్న ఒక్కడే నవ్వలేదు.

"పోనియ్యిండ్రి మేడం. మొలలని నేనే సెప్తి గద, పోరి ఏం జేస్తది?"

పూతమందు రాసి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోమని చెప్పి పంపారు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు కుర్చీలో కొంచెం పక్కకు ఒరిగి కూర్చున్నాడు.

"ఫంక్షన్ ఎట్లయింది అన్నా?"

"మస్తుగైంది. పిల్ల ఒళ్లెకు దుంకింది. చెవి కుట్టంగనే అది ఎగిరెగిరి ఏడ్చుడు, దాని కింద నేను ఏడ్చుడు. 'మేనమామంటే గిట్లుండాలె' అని సుట్టాలందరు కండ్లు తుడుసుకున్నరు!"

రోగి మాట పూర్తిగా వినకముందే దాని మీద నా సొంత మేకు దిగగొట్టనని, కోడ్ల పుస్తకం మీద చెయ్యి వేసి ఆ క్షణమే ప్రమాణం చేశాను. నిలబడే చేశాను. ఆయన ముందు కూర్చోవడానికి మొహం చెల్లలేదు.