అక్క చెప్పిన పూత

తిరువూరులో ఒక చిన్న ల్యాబులో పనిచేస్తాను. ఊరివాళ్ళ ఒంట్లో గుట్టంతా సీసాల్లో నా చేతికే వస్తుంది. అందువల్ల నాకన్నీ తెలుసన్న పొగరు కూడా కాస్త ఉండేది.

జనవరి చివర్లో ఒక బుధవారం వినగడప నుంచి అక్క ఫోన్ చేసింది. క్యాన్సర్‌కి మూడో విడత మందు ఎక్కించుకుని ఇంటికొచ్చిన రోజులవి. నా ముందు ఇరవై మంది జనం.

"పూత వచ్చిందే. ఈసారి మరీ ఎక్కువగా ఉంది" అంది నీరసంగా.

బావకి మామిడి తోట ఉంది. ఆ నెలలో మా వైపు ఏ ఇద్దరు కలిసినా పూత సంగతే మాట్లాడతారు.

"మంచిదేగా, మంచు పడకుండా ఉంటే చాలు. తర్వాత మాట్లాడతాలే అక్కా" అని పెట్టేశాను. నిజానికి తర్వాత ఫోన్ చేయనేలేదు.

ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చల్లారిన గంజి ముందు కూర్చుని ఉంది. నోరు తెరవమన్నాను. నాలుక మీదా, బుగ్గల లోపలా తెల్లగా, పెరుగు విరిగినట్టు అంటుకుని ఉంది. దూదితో తుడిస్తే కొంచెం ఊడింది, ఊడినచోట రక్తం కనిపించింది. అక్క చెప్పింది తోటలో పూత కాదు, నోటి పూత.

దూది పుల్లతో శాంపిల్ తీసుకొచ్చి, ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేటు మీద రాశాను. మంగళవారానికి తెల్లటి చుక్కలు మొలిచాయి. బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్టుకి దూరపు చుట్టాలు. ఏ రకమో తేలాలంటే వాటిని మనిషి సీరంలో వేసి, ఒంటి వేడిలో రెండు గంటలు ఉంచాలి. సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు. ఆ రోజు ఇంకేదీ లేక నా సీరమే వాడాను.

వేసినప్పుడు గుండ్రంగా ఉన్నాయి. రెండు గంటల తర్వాత మైక్రోస్కోపులో చూస్తే ఒక్కోదానికి ఒక్కో సన్నటి గొట్టం. మనిషి దొరికాడని వాటికి తెలిసిపోయింది.

ఆ గొట్టాల కణకవచం మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. అది మన చర్మంలోని ప్రోటీన్లను పోలి ఉంటుంది. మన ఒంట్లోని ఎంజైమే దాన్ని మనదనుకుని బుగ్గలోని కణాలకు కుట్టేస్తుంది. ఇక పుక్కిలించినా పోదు. చదువుకునే రోజుల్లో దీన్ని రెండు మార్కుల కోసం బట్టీ పట్టాను. ఆ మధ్యాహ్నమే అది నిజంగా అర్థమైంది. కుట్టేది అది కాదు, అక్క ఒళ్ళే. అక్క నోట్లోంచి వచ్చినవి నా రక్తంలో కూడా ఎంత సుఖంగా మొలిచాయో! నాకు తెలియకుండానే నా బుగ్గల లోపల నాలుకతో తడుముకుంటున్నాను.

అప్పటికప్పుడు అక్కని ఆటోలో రప్పించి, రిపోర్టుతో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారాయన.

అక్క నా వైపు చూసింది. "నిన్నటి నుంచేనండి. మింగడానికేం ఇబ్బంది లేదండి."

చిన్నప్పుడు నేను పగలగొట్టిన వాటన్నిటికీ తనే తిట్లు తినేది. ఇప్పుడూ నన్ను అలాగే వెనకేసుకొచ్చింది. కనీసం వారం అయిందని నేను చెప్పాలి. గంజి కూడా మింగలేకపోతోందని చెప్పాలి. ఆయన ముందు, ఇన్నేళ్ళుగా నా రిపోర్టులు నమ్మే మనిషి ముందు, పరువు పోతుందని నోరు విప్పలేదు. నిన్నటిదే అయితే ఇది చాలన్నట్టు ఆయన నోట్లో వేసుకునే చుక్కల మందు రాశారు.

తర్వాతి వారం జ్వరం. విజయవాడ తీసుకెళ్ళేసరికి అది రక్తంలోకి దిగిపోయింది. ఆసుపత్రిలో తొమ్మిదో రోజు అక్క పోయింది. ముందే పెద్ద మందు పడి ఉంటే బతికేదా అని అక్కడ ఎవర్నీ అడగలేదు. అడగడానికి భయమేసింది.

సమాధి దగ్గర నుంచి వచ్చాక బావ నన్ను వసారాలోకి పిలిచాడు. అక్క ఫోన్ ఆయన చేతిలోనే ఉంది.

"నాకొక్క ముక్క చెప్పలేదమ్మా. నీకేమన్నా ముందే చెప్పిందా?"

"లేదు బావా" అన్నాను.