శుక్రవారం పెట్టిన తనిఖీ

ఇందులో ఒక ఇతిహాసానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఊరంతా దద్దరిల్లే మగ్గాల మోత, ఇత్తడి గంట పట్టుకుని ఒంటరిగా బయలుదేరిన గురువు, ఇంటిలోపలి ద్రోహం. అలాగే రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలయ్యాక తేలిందేమిటంటే, ఇది తనిఖీ తేదీ తప్పుగా వేసిన సంగతి. వేసింది నేను.

1996 జూన్‌లో భివండీ నిజాంపురాలో ఒక ట్రస్టు నడిపే తెలుగు బడిలో జూనియర్ గుమస్తాగా చేరాను. ముప్పై నిండలేదు, నోరు మాత్రం ఎక్కువ. ఆఫీసంటే ఒక బల్ల, ఒక టైపు మిషను, నేను. కాగితాల మీద బడిని నడిపేది ట్రస్టు కార్యదర్శి. ఆయనకు బజారులో బట్టల కొట్టు. నిజంగా నడిపేది ఏడో తరగతి చెప్పే మల్లేశం సారు.

సారుది కరీంనగర్ వైపు. పిల్లల తండ్రులూ అటువాళ్లే, కూలికి సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడిపేవాళ్లు. సారు దగ్గరొక నోటుబుక్కు ఉండేది. అందులో మార్కులుండవు, ఎవరి తండ్రిది పగటి పాళీ, ఎవరిది రాత్రి పాళీ అని ఉంటుంది. పన్నెండు గంటలు నిలబడి వచ్చి పడుకున్న మనిషిని లేపి మీ పిల్ల బడికి రాలేదంటే ఏం ఎక్కుతుంది? అందుకని పాళీ చూసుకుని వెళ్లేవారు. వెళ్లినచోటే రేషను కార్డు అర్జీ, ఆసుపత్రి చీటీ, ఊరికి ఉత్తరం రాసిపెట్టేవారు. చనిపోయాక దీన్ని సమాజసేవ అన్నారు. బతికుండగా కార్యదర్శి దీన్ని తిరుగుడు అనేవాడు.

ఏటా ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి తలలు లెక్కపెట్టేవాడు. రిజిస్టరులో ఎన్ని పేర్లున్నా పనికిరాదు, బెంచీ మీద కూర్చున్న తలే లెక్క. ఇరవై ఉంటే ఏడో తరగతి ఉంటుంది, పందొమ్మిదైతే రద్దు. ఆ ఒక్కరోజుకి పక్క బడుల నుంచి పిల్లల్ని అరువు తెచ్చుకోవడం చాలాచోట్ల ఆచారం. సారు ఒప్పుకునేవారు కాదు.

నేను చేరిన రెండో ఏడు, తేదీ మమ్మల్నే సూచించమని ఉత్తరం వచ్చింది. అంతకుముందు ఏడు వచ్చిన ఇన్‌స్పెక్టరు ప్రశ్న పిల్లలకు, పిల్లల జవాబు ఆయనకు వినపడక, తలనొప్పి మాత్ర అడిగి వెళ్లిపోయాడు. మా బడికి మూడు వైపులా సాంచాలే. కనుక బాగా ఆలోచించి శుక్రవారం వేశాను. భివండీలో శుక్రవారం సాంచాలు బంద్. నా తెలివికి నేనే మురిసిపోయాను. కార్యదర్శి ఒక్క మాట మాట్లాడకుండా సంతకం పెట్టాడు. అక్కడే అనుమానం రావాల్సింది. ఆయన మాట్లాడకుండా దేనిమీదా సంతకం పెట్టే మనిషి కాదు.

గురువారం సాయంత్రం సారుకి తెలిసింది.

“ఏంది గంగాధర్, జుమ్మనాడు పెట్టినవా? వారంల గదొక్కనాడే పోరగాండ్లకు నాయిన మెలకువల దొరుకుతడు. బడికెట్ల వస్తరు?”

“సాంచాల మోత లేకుంటే ఇన్‌స్పెక్టరుకు గూడ చెవులుంటయని తెలుస్తది గద సార్,” అన్నాను. ఆయన నవ్వలేదు. ప్రతి శుక్రవారం హాజరు పట్టీలో గడులు ఖాళీగా ఉంటాయని ఆయన కంటే ముందు నాకే తెలియాలి. హాజరు కూడేది నేనే.

మర్నాడు పదకొండుకి బెంచీల మీద పద్నాలుగు తలలు. సారు బడి చేతిగంట తీసుకుని సందుల్లోకి వెళ్లారు. మామూలు రోజుల్లో ఆ గంట మా గేటు కూడా దాటదు. ఆ రోజు నాలుగు సందుల అవతలికి వినపడింది.

ఎల్లయ్య అనే సాంచాకూలీ బయటికొచ్చాడట. ఆయన కూతురు సుజాత మా ఏడో తరగతి. తరగతి పోతే ఆమె వెళ్లేది నూలు చుట్టే కాండీ మిషను మీదికే. తర్వాత ఎల్లయ్యే నాకు చెప్పాడు. “వారమంత పండుకున్న పోరినే జూస్త సార్, ఇయ్యాలన్న మాట్లాడనియ్యరా?” అని తాను అడిగితే, సారు, “మాట్లాడుకుంటనే రాండ్రి. నువ్వు గూడ రా,” అన్నారట.

పదకొండున్నరకి ఇన్‌స్పెక్టరు పద్నాలుగని రాసి సంతకం పెట్టాడు. పది నిమిషాలకు సారు వచ్చారు. వెనక ఆరుగురు పిల్లలు, వాళ్ల వెనక లుంగీలతో తండ్రులు. సరిగ్గా ఇరవై. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. బడి తరఫున కార్యదర్శి రాతపూర్వకంగా కోరితే మళ్లీ లెక్కిస్తానన్నాడు; నిబంధనల్లో ఆ వీలుంది. నేను మిషనులో కాగితం ఎక్కించి తేదీ కొట్టాను.

“గంగాధర్,” అన్నాడు కార్యదర్శి, “సాబ్‌కు చాయ్ చెప్పు.”

నేను చాయ్ చెప్పడానికి వెళ్లాను. రెండు లైన్ల ఉత్తరం. కొట్టడానికి నిమిషం పట్టదు. తిరిగొచ్చేసరికి ఫైలు కట్టేశారు, మిషనులో కాగితం లేదు, వాకిట్లో తండ్రులు ఏం జరిగిందో తెలియక నిలబడి ఉన్నారు. ఆ చాయ్ కూడా ఎవరూ ముట్టలేదు. నేనే తాగాను.

నెల తిరక్కుండా ఏడో తరగతి గదిలోకి కార్యదర్శి కొట్టు బట్టల బేళ్లు వచ్చాయి. సారుకి రెండో తరగతి ఇచ్చారు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. శుక్రవారాలు, ఎల్లయ్య పనిచేసే సాంచాల షెడ్డులో, ఆగిన మగ్గాల మధ్య కూర్చోబెట్టి ఆ ఇరవై మందికీ మరాఠీ నేర్పారు, మరాఠీ బడిలో ఏడో తరగతిలో వేయడానికి. తండ్రులు పక్కనే కూర్చునేవారు. సుజాత మరాఠీ బడిలో నిలిచింది. నలుగురు కాండీ మీదికి పోయారు. వాళ్ల పేర్లు నాకింకా నోటికి వచ్చు. రిజిస్టరులో గీత కొట్టింది నేనే.

పదేళ్ల తర్వాత సారు సర్వీసులోనే పోయారు. సంతాపసభలో, అప్పటికి ట్రస్టు అధ్యక్షుడైన ఆ కార్యదర్శి, మల్లేశం సారు మా బడికి ప్రాణమన్నాడు, దీపమన్నాడు, ఇంకా ఏవేవో వెలిగే వస్తువులన్నీ అన్నాడు. భివండీ పక్కనే పూర్ణలో ఒక గోదాములో సరుకు రాసుకునే ఉద్యోగం చేస్తున్న సుజాత లేచింది.

“కాకా, సార్ మాకు ఏడో తరగతి చెప్పిన గది ఏది? ఒక్కపారి జూస్త.”

“ఇది సంతాపసభ బేటీ.”

“గందుకే అడుగుతున్న. తాళం తియ్యుండ్రి.”

ఆయన నా వైపు తిరిగి అందరికీ చాయ్ చెప్పమన్నాడు. నేను కదల్లేదు. తిరుగుబాటు అనుకోకండి, అప్పటికి ప్యూనుని పెట్టారు, చాయ్ నా డ్యూటీలో లేదు. తాళం మాత్రం ఎవరూ తీయలేదు.

నేర్చుకున్నది ఇంతే. తేదీ వేసేముందు ఇన్‌స్పెక్టరు చెవుల సంగతి కాదు, తండ్రుల సెలవు చూడాలి. రిటైరయ్యేదాకా ప్రతి తనిఖీ మంగళవారమే పెట్టాను. మంగళవారం సందులో నూలు టెంపోలు అడ్డంగా ఉంటాయి, కాబట్టి ఇన్‌స్పెక్టరు స్కూటరు వీధి మొదట్లోనే ఆపి నడిచి రావాలి.